ఇరుకు రిమ్ముకి లావు టైరు

నేను బాగుచేసిన సైకిళ్లు ఎన్నో నాకే తెలీదు. నా పనివల్ల రోడ్డుమీద పడిపోయిన మనిషి మాత్రం, నాకు తెలిసి, ఒక్కరే. ఆవిడ గురించి రాస్తున్నాను. ఇప్పుడు సైకిల్ షాపుల్లో కొత్తగా పనికి కుదిరినవాళ్లు చదివితే నాకు చాలు. మిగతావాళ్లు సరదాకి చదువుకోవచ్చు.

మాది బెంగాల్లో ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో సుత్తి పట్టుకున్నారు. నాన్నగారు అక్కడే ఫిట్టరుగా రిటైరయినారు. నాకు రైల్వే ఉద్యోగం రాలేదు. పరీక్ష రెండుసార్లు రాసినాను, రెండుసార్లూ లెక్కల్లోనే పోయింది. గోల్‌బజార్‌లో సైకిల్ షాపున్న బెంగాలీ ఆయన ఒకరు, ఉద్యోగం వచ్చేదాకా నా దగ్గర కూర్చో అన్నారు. కూర్చున్నాను. ముప్పై ఆరేళ్లు గడిచిపోయినాయి.

ఆయన్ని నేనే కాదు, బజారంతా దాదా, అంటే అన్న, అనే పిలిచేది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. చక్రం ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క స్పోకునీ గోటితో మీటి, ఆ చప్పుడు విని బెండు తీసేవారు. షాపులో స్కేలు ఉండేది గానీ దాంతో వీపు గోక్కోవడమే తప్ప కొలవగా నేను చూడలేదు. నా పనీ ఆయన దగ్గర నేర్చుకున్నదే కాబట్టి నేనూ అంతే. కంటికి సరిగ్గా ఉంటే సరిగ్గా ఉన్నట్టే.

చాలాకాలం అది సరిపోయింది కూడా. మా ఊళ్లో నడిచేవన్నీ నల్ల సైకిళ్లే. పొద్దున్న వర్క్‌షాపు సైరన్ కూసేసరికి రోడ్డంతా అవే. ఆ సైకిలుకి రిమ్ము ఒక్క రకం, దానికి టైరు ఒక్క రకం. రెండూ ఒకదానికోసం ఒకటి చేసినవి. రిమ్ము లోపల వెడల్పెంత, టైరు లావెంత అని అడిగినవాళ్లు లేరు, అడగాల్సిన అవసరమూ రాలేదు.

తర్వాత కాలేజీ పిల్లల పుణ్యమా అని రేసు సైకిళ్లు వచ్చినాయి. సన్న టైర్లు, కిందకి వంగిన హ్యాండిళ్లు, ఒక చేత్తో ఎత్తేయొచ్చు. చదువు అయిపోయి వెళ్లేటప్పుడు వాటిని ఇక్కడే అమ్మేసేవాళ్లు, ఊళ్లోవాళ్లు కొనుక్కునేవాళ్లు. ఒకదాని రిమ్ము ఇరుకు, ఒకదాని రిమ్ము వెడల్పు. నాకు అన్నీ ఒకేలా కనిపించేవి.

అలా ఒక సైకిలు కొనుక్కున్నవారిలో ఆసుపత్రి సిస్టర్‌గారొకరు. తెలుగు క్రిస్టియన్లు, వాళ్ల తాతల కాలంలో గుంటూరు నుంచి వచ్చినారు. మాట ఇంకా గుంటూరు మాటే. తాల్‌బగీచాలో ఇల్లు. అప్పటికి యాభై మూడేళ్లు ఉంటాయి. ఒక వార్డు మొత్తం ఆవిడ చేతిలో ఉండేది. అక్కడ డాక్టర్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారని చెప్పుకునేవారు. నేను పని మానేయడానికి రెండేళ్ల ముందు, దసరా వెళ్లిన కొత్తలో, ఆ సైకిలు తోసుకుంటూ మా షాపుకొచ్చినారు.

సంగతేమంటే, డిసెంబరులో వార్డువాళ్లంతా బస్సులో దీఘా సముద్రపొడ్డుకి పిక్నిక్ వెళ్తున్నారు. ఈవిడ నేను సైకిలు మీద వస్తాను అనేసినారు. దీఘా అంటే నూరు కిలోమీటర్ల పైమాటే. అంబులెన్సు డ్రైవరు, అయితే వెనకాలే స్ట్రెచరు పట్టుకుని వస్తాను దీదీ అన్నాడట. అందరూ నవ్వినారట. ఇక వెళ్లకపోతే రిటైరయ్యేదాకా ఆ వార్డులో తలెత్తుకోలేనని ఆవిడ బాధ. ఒక్కటే ఇబ్బంది, ఆ సన్న టైర్లమీద పది కిలోమీటర్లు తొక్కేసరికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. రోడ్డుమీద ప్రతి గులకరాయీ పళ్లకి తెలుస్తోంది.

"కాస్త లావు టైర్లు వెయ్యండి అన్నయ్యా," అన్నారు.

అందులో ఉన్న టైరు పక్కన ఇరవై మూడు అని రాసుంది. అంటే ఇరవై మూడు మిల్లీమీటర్ల లావు. చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో చోటుంది. ఎంత లావు పడుతుందో అంత లావు వేసేద్దామనుకుని ముప్పై రెండు వేసినాను. అంతటితో ఊరుకోలేదు. గాలి తక్కువ పెట్టుకోండి, ఇంకా మెత్తగా ఉంటుంది అని సలహా కూడా ఇచ్చినాను. దాదా కూర్చున్నచోటి నుంచే చూసి, బాగా లావుగా ఉందే అని నవ్వి, తన పనిలో పడిపోయినారు. ఆవిడ బజారులో ఒక చుట్టు తిరిగొచ్చి, సోఫాలో కూర్చున్నట్టుందన్నారు. ఆరోజు నేను ఇంటికెళ్లి ఈ మాట మా ఆవిడకి రెండుసార్లు చెప్పినాను.

నాలుగో రోజు పొద్దున్న, ఫ్లైఓవర్ దిగి ఎడమకి తిరిగే మలుపులో ఆవిడ పడిపోయినారు. మోకాలు గీరుకుపోయింది, మోచేతికి కుట్లు పడ్డాయి. ఆ కుట్లు వేసింది ఆవిడ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయేనట. పాపం ఆ పిల్ల తడబడితే, పడుకున్న మనిషే ఇలా కాదు అలా అని చెప్పి వేయించుకున్నారట.

మూడు రోజులకి రిక్షాలో సైకిలు వేసుకుని షాపుకొచ్చినారు. చేతికి కట్టు. ముందు టైరు రిమ్ములోంచి సగం బయటికొచ్చేసి, ట్యూబు పగిలి వేలాడుతోంది.  అయినా నోరు ఊరుకోదు కదా, మలుపులో ఇసక ఉండుంటుంది సిస్టర్‌గారూ అన్నాను. వెనక నుంచి దాదా కూడా, ఇసకే, ఆ మలుపులో ఎప్పుడూ ఇసకే అన్నారు.

ఆవిడ స్టూలు మీద కూర్చున్నారు. గొంతు పెంచలేదు.

"పడ్డాక లేవలేక పది నిమిషాలు ఆ రోడ్డుమీదే కూర్చున్నాను. చుట్టూ చూశాను. ఇసక లేదు," అన్నారు. "మా వార్డులో ఎవరైనా మంచం మీంచి పడితే, ఎవరిది తప్పని ముందు అడగం. ఎందుకు పడ్డారని అడుగుతాం. అది తెలీకపోతే రేపు ఇంకొకరు పడతారు. ఈ టైరు ఎందుకు బయటికొచ్చింది?"

 అప్పటిదాకా ఏ గిరాకీకీ అనని మాట ఆవిడతో అన్నాను.

"నాకు తెలీదు."

ఆవిడ తల ఊపినారు. "మంచిది. ఇంక వెతకొచ్చు," అని సైకిలు అక్కడే వదిలేసి, అదే రిక్షాలో వెళ్లిపోయినారు. తిట్టినా బాగుండేది. 

ఆదివారం ఆ చక్రం భుజానికి తగిలించుకుని మా అక్క వాళ్ల క్వార్టరుకి వెళ్లినాను. మా బావ వర్క్‌షాపులో రైలు చక్రాల దగ్గర పనిచేసేవాడు. చక్రం అంచు వెంట్రుకవాసి అరిగినా పట్టేసే మనిషి. ఇంట్లో అక్క కూరలో ఉప్పెక్కువేస్తే మాత్రం కనిపెట్టలేడు. నేను జరిగిందంతా చెప్పినాను. మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. అంతా విన్నాక అడిగినాడు.

"రిమ్ము లోపల ఎంత?"

"తెలీదు."

"టైరు?"

"ముప్పై రెండని రాసుంది."

"రాసుంటే రాసుంటాది. నువ్వు కొలిసినావా?"

"లేదు."

"మరేటి సేసినావురా ఇన్నేళ్లూ?"

అక్క వంటింట్లోంచి నవ్వడం వినిపించింది. బావ బీరువాలోంచి, వెంట్రుకవాసి కూడా కొలిచే వెర్నియర్ తీసినాడు. రిమ్ము రెండు అంచుల మధ్య పెట్టి చూస్తే పదమూడు మిల్లీమీటర్లు. కొత్త ట్యూబుతో టైరు ఎక్కించి గాలి కొట్టి కొలిస్తే ముప్పై. అంటే టైరు మీద రాసిన ముప్పై రెండు కూడా ఆ రిమ్ముమీద నిజం కాదు. బొటనవేలితో టైరుని పక్కకి తోసినాడు. కిందనున్న రిమ్ము కదలలేదు, పైనున్న టైరు మాత్రం మెత్తగా పక్కకి ఒరిగిపోయింది. నేనూ తోసి చూసినాను. ఇన్నేళ్లలో ఎన్ని వేల టైర్లు వేసినానో, ఇలా పక్కకి తోసి చూసిన పాపాన పోలేదు.

తర్వాత పాత టైరు ముక్క ఒకటి అడ్డంగా కోసి, దాని రెండు అంచుల్నీ రెండు చెక్కముక్కల మధ్య బిగించినాడు. చెక్కల్ని దగ్గరికి జరిపితే టైరు అడుగున నొక్కుకుపోయి, పైన బల్బులా ఉబ్బింది. కాస్త ఎడంగా జరిపితే గోడలు నిటారుగా నిలబడ్డాయి. ఇంకా దూరం జరిపితే గోడలు పక్కలకి లాక్కుపోయి, పైభాగం చదునైపోయింది. అదంతా జరిగింది అక్క చపాతీల పీట మీద. ఆ పీట కడిగేదాకా ఈ ఇంట్లో ఎవరికీ భోజనం లేదని అక్క చెప్పేసింది.

"హౌరా లోకల్ రైల్లో నిలబడి ఎల్తావు కదా," అన్నాడు బావ. "కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని నిలబడితే, బండి మలుపు తిరిగినప్పుడు ఏటవుతాది?"

"పక్కోడిమీద పడతాను."

"మరి బారగా సాపుకుని నిలబడితే?"

"పడను గానీ, కుదుపుకి మోకాళ్లు పట్టేస్తాయి."

"అదే మరి. నీ టైరు కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడింది. పైగా గాలి తక్కువ పెట్టమన్నావు. ఆ తల్లి మలుపు తిరిగింది, నీ టైరు పక్కోడిమీద పడింది."

మా మేనకోడలు ఫోనులో వెతికి ఒక పట్టిక చూపించింది. ఏ వెడల్పు రిమ్ముకి ఏ లావు టైరో అందులో వరసగా ఉంది. పదమూడు రిమ్ముకి ఇరవై అయిదు దాటకూడదట. నేను వేసింది ముప్పై రెండు. ఆ పట్టిక ప్రపంచంలో అందరికీ తెలుసు, ఫోనున్న ప్రతివాళ్ల చేతిలోనూ ఉంది. నాకు తెలీదంతే.

ఇక్కడితో నాకు బుద్ధొచ్చిందని మీరనుకుంటే పొరపాటు. ఇరుకు చెడ్డదని తెలిసింది కదా, అయితే వెడల్పే మంచిదనుకున్నాను. కలకత్తా నుంచి లోపల ఇరవై మూడున్న కొత్త రిమ్ములు తెప్పించినాను. షాపులో ఉన్నది ఇరవై అయిదు టైరు. పిక్నిక్ దగ్గరపడుతోందన్న కంగారులో అదే ఎక్కించేసినాను. ఈసారి ఆవిడకి ఇవ్వకుండా ముందు నేనే తొక్కడానికి తీసుకెళ్లినాను, ఆ మాత్రం తెలివొచ్చింది. మలుపులో బ్రహ్మాండంగా ఉంది. ఒరగడం లేదు, ఊగడం లేదు. గోల్‌బజార్ చేపల సందు దగ్గర ఒక గుంతలో దిగింది. టంగుమని చప్పుడు.

దిగి చూస్తే రిమ్ము అంచు లోపలికి నొక్కుకుపోయింది. టైరు గోడలు బారగా లాక్కుపోయి, రిమ్ము అంచూ టైరూ ఒకే మట్టంలో ఉన్నాయి. రాయి తగిలేది రిమ్ముకే. సైకిలు భుజాన వేసుకుని నడిచొచ్చినాను. ఒక్క పూట తిరిగిన కొత్త రిమ్ముని దాదా తిప్పి తిప్పి చూసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వినారు. నవ్వు అయినాక, ఏదీ, మీ బావ దగ్గర తెచ్చిన ఆ కొలిచే యంత్రం ఇలా ఇవ్వు అని చెయ్యి చాపినారు.

ఆ మధ్యాహ్నం దాదా వెర్నియర్ వదల్లేదు. షాపులో ఉన్న రిమ్ములన్నీ కొలిచినారు. వేలాడుతున్న టైర్లన్నీ కొలిచినారు. టీ గ్లాసు కొలిచినారు, బిస్కెట్టు కొలిచినారు, చివరికి నా ముక్కు కూడా కొలిచి పదిమందికి చెప్పినారు. సాయంత్రానికి, లోపల పందొమ్మిది ఉన్న రిమ్ములు తెప్పించు, ఇరవై ఎనిమిది టైరు వేద్దాం, చక్రాలు నేను కడతాను అన్నారు. అరవై దాటిన మనిషి. రెండు రోజులు కూర్చుని పాత హబ్బుల చుట్టూ కొత్త స్పోకులు అల్లి, ఎప్పటిలాగే గోటితో మీటి, చెవితో విని బెండు తీసినారు. తీసినాక మాత్రం కొలిచినారు. టైరు ఎక్కించి గాలి కొడితే ముప్పై దాకా వచ్చింది. ఫోర్కుకీ టైరుకీ మధ్య రెండు పక్కలా సరిపడా సందు ఉందో లేదో చూసి, బొటనవేలితో పక్కకి తోసినాను. ఒరగలేదు.

సిస్టర్‌గారు వచ్చి కారణం అడిగినారు. టైరు ముక్కా, చెక్కలూ పెట్టి చూపించినాను. ఆవిడ రెండుసార్లు చెక్కలు జరిపి చూసుకుని, పిల్లలకి సూది సైజూ పెద్దవాళ్లకి సూది సైజూ ఒకటే అయితే మాకూ ఇలాగే అయ్యేది అన్నారు. 

ఆరోజు ఫ్లైఓవర్ దాకా నేను నా నల్ల సైకిలు మీద వెనకాలే వెళ్లినాను. మలుపు వచ్చేసరికి ఆవిడ దిగిపోయి సైకిలు నడిపించుకుని వెళ్లినారు. నేను చూడనట్టు ఊరుకున్నాను. రెండో రోజూ అంతే. తన పని బాగుందని ఎంత నమ్మకమున్నా, ఎదుటి మనిషి ఒంటికి ఆ నమ్మకం రావడానికి రోజులు పడుతుంది. దాన్ని తొందరపెట్టకూడదని అప్పుడు తెలిసింది. మూడో రోజు ఆవిడ దిగలేదు. కొంచెం నెమ్మదించి, నడుము వంచి, తిరిగేసినారు. వెనక నేను హ్యాండిలు ఎంత గట్టిగా పట్టుకున్నానంటే నా అరిచేతుల్లో గీతలు పడ్డాయి.

పిక్నిక్ రోజు తెల్లవారకముందే బయల్దేరినారు. మంచు పడుతోంది. బావ స్కూటరు అడిగి తెచ్చుకుని నేను నడిపినాను. వెనక దాదా, మెడలో దండలా ఒక చక్రం, ఒళ్లో పంపూ ట్యూబులూ. మేం వస్తామని ఆవిడ అడగలేదు. ఎవరి మనశ్శాంతి కోసం వెళ్లినామో మాకే తెలుసు.

బేల్దా దాటేదాకా ఇబ్బంది లేదు. ఆ తర్వాత ఒకచోట రోడ్డు తవ్వేసి కంకర పోసి ఉంది. దిగండి అని అరుద్దామనుకునేలోపు ఆవిడ సీటు మీంచి లేచి, పెడళ్ల మీద నిలబడి, కంకర మీదుగా దాటేసినారు. దాదా నా భుజం నొక్కినారు. కాంతి అనే ఊరు దాటినాక ముల్లు గుచ్చుకుని వెనక గాలి పోయింది. మేం సైకిలు తిరగేసి ట్యూబు మారుస్తుండగా వార్డువాళ్ల బస్సు పక్కనుంచి వెళ్లింది. కిటికీల్లోంచి అందరూ ఏదో అరుస్తున్నారు, ఇంజను హోరులో వినపడలేదు. సిస్టర్‌గారి చెవులు ఎర్రబడ్డాయి. పదండి, పదండి అని మమ్మల్ని కసిరినారు.

పన్నెండున్నరకి దీఘా చేరినాం. సముద్రం ఒడ్డున, బస్సు పక్కన, ముప్పైమంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ దగ్గరికి రాగానే చప్పట్లు కొడతారనుకున్నాను. అందరూ కలిసి, మే మే అని మేకల్లా అరిచినారు.

నాకు అర్థం కాలేదు. పక్కనున్న అంబులెన్సు డ్రైవర్ని ఇదేమిటని అడిగినాను.

"మీకు తెలీదా? ఆరోజు దీదీ మేక అడ్డం వచ్చి కదా పడింది. నల్ల మేకట," అన్నాడు.

అప్పటి నుంచీ వార్డంతా ఇదే ఆటట. ఆవిడ డ్యూటీ బల్ల మీద రోజూ ఎవరో ఒకరు నాలుగు ఆకులు పెట్టి పోతారట. గోడమీద మేక బొమ్మ అంటించినారట. కుట్లు వేసేటప్పుడే అందరూ అడిగినారట, సైకిలు ఎవరు బాగుచేసినారు, ఏ షాపు అని. ఆవిడ మేక అని చెప్పినారు. నా ముందు స్టూలు మీద కూర్చుని కారణం అడిగిన రోజుకి, వార్డందరికీ మేక కథ చెప్పి మూడు రోజులయింది.

నేను స్కూటరు వదిలి వాళ్ల మధ్యలోకి వెళ్లినాను. నాకు పదిమంది ముందు మాట్లాడే అలవాటు లేదు. అందరికీ తెలియాలని బెంగాలీలోనే చెప్పినాను. మేక లేదు, ఏమీ లేదు. ఆవిడ సైకిలు బాగుచేసింది నేనే. ఇరుకు రిమ్ముకి లావు టైరు వేసినాను, కొలవలేదు, గాలి తక్కువ పెట్టమన్నాను. అందుకే పడిపోయినారు.

ఎవరూ నవ్వలేదు.  ఈలోగా దాదా, ఇంకా మెడలో చక్రంతోనే, వచ్చి నా పక్కన నిలబడ్డారు. షాపు నాది, ఆ టైరు చూసి కూడా నేను ఊరుకున్నాను, అది కూడా రాసుకోండి అన్నారు.

సిస్టర్‌గారు సైకిలు బస్సుకి ఆనించి, నావైపు చూసినారు.

"రెండు నెలల నుంచి మేపుకుంటున్న మేకని ఒక్క నిమిషంలో చంపేశారే అన్నయ్యా," అన్నారు.

అప్పుడు నవ్వినారు అందరూ. అంబులెన్సు డ్రైవరైతే ఇసకలో కూర్చుండిపోయినాడు. భోజనాల దగ్గర ఆవిడ పక్కన కూర్చున్నప్పుడు నెమ్మదిగా అడిగినాను, ఎందుకలా చెప్పినారని. చేప ముల్లు తీసుకుంటూ చెప్పినారు.

"కారణం వెతకమన్నాను గానీ, మీ షాపు మూయించమన్నానా? మీ పేరు పోతే ఇంక వెతికేదెవరు?"

తిరిగి వచ్చేటప్పుడు సైకిలు బస్సు పైకెక్కింది, ఆవిడ బస్సులో నిద్రపోయినారు. మేమిద్దరం స్కూటరు మీద నడుములు విరిగి వచ్చినాం. ఆ తర్వాత వారం వార్డు నుంచి అయిదుగురు తమ సైకిళ్లు తెచ్చుకుని, కొలవండి అంటూ షాపు ముందు వరసలో నిలబడ్డారు. అందులో మూడు నల్ల సైకిళ్లే, కొలిచే పనే లేదు. అయినా దాదా మూడూ కొలిచినారు.

మీకు నేను చెప్పేది తక్కువే. టైరు మీది అంకె చూసి ఊరుకోకండి. రిమ్ము లోపల కొలవండి, పట్టిక చూడండి, ఎక్కించినాక మళ్లీ కొలవండి, బొటనవేలితో పక్కకి తోసి చూడండి. అవన్నీ చేసినా ఏదో ఒకరోజు తప్పు చేస్తారు, నేను చూడని టైర్లు, రిమ్ములు మీ కాలంలో ఇంకా వస్తాయి. చేసినరోజే నోరు విప్పి చెప్పేయండి. మీకోసం ఇంకొకరు మేకని మేపుకుంటూ తిరిగే పని మాత్రం పెట్టకండి.